17 తీసి 18 పెడితే

ఫిబ్రవరి మొదటి వారం. రాత్రి పదకొండు దాటింది. హాస్టల్లో సగం మంది ల్యాబ్ రికార్డులు రాసుకుంటున్నారు, మిగతా సగం వాటిని ఫొటోలు తీసుకుంటున్నారు. ఒక జూనియర్ నుంచి నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

"అన్నా, మాతృభాషా దినోత్సవం కథల పోటీకి రిజిస్ట్రేషన్ పేజీ చేసింది మీరే కదా. నేను పేరు ఇచ్చాక వచ్చిన పేజీ అడ్రస్ చివర 17 అని ఉంది. ఊరికే 17 తీసి 18 పెట్టి చూశా. వేరే అమ్మాయి పేరు, బ్రాంచి, ఫోన్ నంబర్ అన్నీ వచ్చేశాయి. అలా రావచ్చా?"

నిజం చెప్తున్నా, నాకు ముందు వచ్చిన ఆలోచన అబద్ధం ఆడదామని. "అది టెస్టింగ్ డేటా, నిజం నంబర్లు కావు" అని టైప్ కూడా చేశా. తర్వాత 19 పెట్టి చూశా. మా క్లాస్‌మేట్ పేరు వచ్చింది. 20 పెట్టా. మా క్లబ్ కార్యదర్శి నంబర్ వచ్చింది. టైప్ చేసిందంతా చెరిపేసి, "రాకూడదమ్మా. ఇప్పుడే తీసేస్తున్నా" అని పంపా.

పేజీ తీసేశాక హోస్టింగ్ అకౌంట్‌లో యాక్సెస్ లాగ్ అనే ఫైల్ ఉంటుందని గుర్తొచ్చింది. సర్వర్‌కి వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌కి అందులో ఒక వరుస ఉంటుంది: ఎవరి ఐపీ అడ్రస్, ఎన్ని గంటలకి, ఏ పేజీ అడిగారు, ఏం జవాబు వెళ్ళింది. అంతకు ముందు దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. కిందకి చూసుకుంటూ పోతుంటే రెండు రోజుల ముందు అర్ధరాత్రి ఒకే ఐపీ నుంచి వచ్చిన వరుసలు కనిపించాయి. 1, 2, 3, 4... అలా 41 వరకు. ఎవరో కూర్చుని ఒక్కో నంబర్ మార్చుకుంటూ వెళ్ళారు. ప్రతి వరుస చివరా 200 అని ఉంది. అంటే సర్వర్ భాషలో "అడిగింది ఇచ్చాను" అని.

మరుసటి రోజు క్లబ్‌లో అందరికీ చెప్పి, పేరిచ్చిన ప్రతి ఒక్కరికీ క్షమాపణ మెసేజ్ పంపాం. ఒకమ్మాయి తిరిగి రాసింది: ఆ వారంలో తెలియని నంబర్ నుంచి తనకి మెసేజ్‌లు వచ్చాయట, బ్లాక్ చేసిందట. అది నా పేజీ వల్లే అని నేను రుజువు చేయలేను. నా పేజీ వల్ల కాదు అని కూడా చెప్పలేను. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ రెండో వాక్యమే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. డైనమిక్ పేజీలు నేర్చుకోవడం మనం తప్పు చివర నుంచి మొదలుపెడుతున్నాం. పేజీ ఎలా కనిపించాలి అన్న దగ్గర మొదలుపెట్టి, పని చేయగానే ఆపేస్తున్నాం. మధ్యలో సర్వర్ అనేది ఒకటి ఉందని, అది ఎవరు ఏం అడిగినా వింటుందని, ఏం ఇవ్వాలో ఏం ఇవ్వకూడదో మనం చెప్తేనే దానికి తెలుస్తుందని నేర్చుకోవట్లేదు. "వర్క్ అవుతోంది" అన్న మాటని "నాకు వచ్చు" అన్న మాట కింద వాడేస్తున్నాం.

ఆ పేజీ నేను ఎలా చేశానో దాచుకోను. మూడు గంటల వీడియో ఒకటి చూశా. అందులో ఆయన టైప్ చేసింది నేనూ టైప్ చేశా. ఎర్రర్ వచ్చిన చోట ఏఐని అడిగి, అది ఇచ్చింది అతికించా. రెండు రోజుల్లో పేజీ లేచింది. సీనియర్లు భుజం తట్టారు. రెజ్యూమేలో "ఫుల్ స్టాక్" అని కూడా రాసేసుకున్నా. ఆ అడ్రస్ చివర 17 ఎందుకుందో ఎవరూ అడగలేదు. అడిగుంటే నా దగ్గర జవాబు లేదు.

సర్వర్ అంటే ఎవరు

ఆ వారాంతం ఇంటికెళ్ళా. నేను ముభావంగా ఉండటం చూసి తాతయ్య ఏమైందని అడిగారు. "నా సర్వర్‌లో తప్పు జరిగింది తాతయ్యా" అన్నా.

"సర్వరేంట్రా? నువ్వు హోటలేమైనా పెట్టావా?" అన్నారు.

నాకు నవ్వొచ్చింది గానీ, ఆయన అన్నది నిజం. తాతయ్య తరానికి సర్వర్ అంటే హోటల్లో టిఫిన్ తెచ్చి పెట్టే మనిషి. మన తరానికి సర్వర్ అంటే బ్యాంకులోనో మీసేవలోనో "డౌన్" అయ్యేది. కంప్యూటర్ చదువు ఏమాత్రం లేనివాళ్ళు కూడా రోజూ వాడే కంప్యూటర్ మాట ఏదైనా ఉందంటే అది "సర్వర్ డౌన్" అనేదే. కానీ రెండు సర్వర్లూ ఒకటే అని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇంగ్లీషు మీడియంలో చదివి, "సర్వర్ ఈజ్ ఎ ప్రోగ్రామ్ దట్..." అని నిర్వచనం బట్టీ పట్టి రెండు మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. తాతయ్యకి తెలుగులో చెప్పాల్సి వచ్చేసరికి ఆ నిర్వచనం ఎందుకూ పనికి రాలేదు. అప్పుడు మొదటిసారి ఆలోచించి చెప్పా.

"హోటల్లో అద్దాల బీరువాలో మైసూర్‌పాకు, కారప్పూస పెట్టి ఉంచుతారు కదా తాతయ్యా. ఎవరొచ్చి అడిగినా అవే తీసిస్తారు. అలాంటి పేజీని స్టాటిక్ పేజీ అంటారు. ముందే రాసి పెట్టిన ఫైల్, అందరికీ ఒకటే. పెసరట్టు అడిగితే మాత్రం అప్పుడు వేయాలి. సర్వర్ వెళ్ళి లోపల మాస్టర్‌కి చెప్తాడు, మాస్టర్ స్టోర్ రూం నుంచి సరుకు తెప్పించుకుని, ఉల్లిపాయలు వేయమంటే వేసి, వద్దంటే మానేసి పంపిస్తాడు. అది డైనమిక్ పేజీ. అడిగిన మనిషిని బట్టి, అడిగిన క్షణాన్ని బట్టి అప్పటికప్పుడు తయారవుతుంది."

హోటల్లో సర్వర్ చేసే పని అపాచీ లాంటి వెబ్ సర్వర్ చేస్తుంది. మాస్టర్ పీహెచ్‌పీ. స్టోర్ రూం మైఎస్‌క్యూఎల్. మన హాల్‌టికెట్ కూడా అంతే. నమూనా ఒకటే, ఫొటో, పేరు, నంబర్ మాత్రం ఎవరివి వాళ్ళవి. వేలమందికి వేల ఫైళ్ళు ముందే రాసి పెట్టరు. నంబర్ కొట్టగానే ఒక ప్రోగ్రామ్ డేటాబేస్‌లో వెతికి, నమూనాలో నింపి పంపుతుంది.

జరిగిన తప్పు కూడా చెప్పా. 17వ మనిషి వచ్చి 18వ మనిషిది అడిగితే ఇచ్చేసింది అని.

తాతయ్య కాసేపు ఆగి అన్నారు: "పార్సిల్ ఇచ్చేముందు టోకెన్ చూపించమంటారు కదరా. మీవాడు అడగలేదా?"

అడగలేదు. అడగమని నేను చెప్పలేదు. దీనికి మన పుస్తకాల్లో పెద్ద పేరుంది, ఆథరైజేషన్ అని. తాతయ్యకి ఆ పేరు తెలియదు, విషయం తెలుసు. నాకు పేరు తెలుసు.

మొదటి పేజీ చూపే టైం

మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుందామని కూర్చున్నా. ఈసారి వీడియో లేదు, అందమైన టెంప్లేట్ లేదు. మన ల్యాబ్‌లో అందరి సిస్టమ్స్‌లో ఉండే ఎక్జాంప్ మాత్రమే. అపాచీ, మరియాడీబీ, పీహెచ్‌పీ, పెర్ల్ ఒకే మూటగా కట్టి ఇచ్చే సాఫ్ట్‌వేర్ అది.

మొదటి దెబ్బ అక్కడే. కంట్రోల్ ప్యానెల్‌లో అపాచీ పక్కన స్టార్ట్ నొక్కితే వెలిగి, వెంటనే ఆరిపోయింది. ఇంతకు ముందైతే అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేవాణ్ణి. ఈసారి కింద వచ్చిన ఎర్రర్ చదివా. పోర్ట్ 80ని ఇంకో ప్రోగ్రామ్ వాడుకుంటోంది అని ఉంది. పోర్ట్ అంటే అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ నంబర్ లాంటిది. బిల్డింగ్ అడ్రస్ ఒకటే, లోపల ఎవరి తలుపు వాళ్ళది. 80లో ఆల్రెడీ ఎవరో ఉంటే అపాచీకి చోటు లేదు. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో లిజన్ అన్న వరుసలో 80 తీసి 8080 పెడితే లేచింది. అపాచీ చేసే మొదటి పని ఆ "లిజన్" అనే మాటలోనే ఉంది. ఒక తలుపు దగ్గర కూర్చుని వింటుంది. ఎవరైనా తలుపు తడితే పలుకుతుంది.

తర్వాత ఒకే ఒక్క వరుస ఉన్న పీహెచ్‌పీ ఫైల్ రాశా. ఇప్పుడు టైం ఎంత అని చూపించమని. దాన్ని నేరుగా బ్రౌజర్‌లోకి లాగి వదిలితే టైం రాలేదు, నేను రాసిన కోడ్ రాసినట్టే కనిపించింది. అదే ఫైల్‌ని హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌లో పెట్టి, అడ్రస్ బార్‌లో లోకల్‌హోస్ట్ అని కొట్టి, పక్కన 8080 పెట్టి ఫైల్ పేరు రాస్తే టైం వచ్చింది. ఇక్కడ ఒక నిమిషం ఆగండి, ఎందుకంటే అసలు సంగతంతా ఈ తేడాలోనే ఉంది. బ్రౌజర్‌కి పీహెచ్‌పీ రాదు. మొదటిసారి బ్రౌజర్ ఫైల్‌ని నేరుగా తెరిచింది, మధ్యలో ఎవరూ లేరు. రెండోసారి బ్రౌజర్ సర్వర్‌ని అడిగింది, సర్వర్ పీహెచ్‌పీతో ఆ కోడ్ నడిపించి, వచ్చిన ఫలితం మాత్రం పంపింది. రైట్ క్లిక్ చేసి పేజ్ సోర్స్ చూడండి. మీరు రాసిన కోడ్ అందులో ఉండదు. టైం మాత్రమే ఉంటుంది.

ఇంకో తమాషా. వచ్చిన టైం మన టైం కాదు, నాలుగున్నర గంటలు వెనక ఉంది. ముందు ల్యాప్‌టాప్ గడియారం పాడైందనుకున్నా. తర్వాత తెలిసింది, ఎక్జాంప్‌తో వచ్చే పీహెచ్‌పీ సెట్టింగ్స్ ఫైల్‌లో టైమ్ జోన్ యూరప్/బెర్లిన్ అని ఉంటుంది. దాన్ని ఏషియా/కోల్‌కతా అని మార్చి అపాచీని ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే సరిపోయింది. నా టేబుల్ మీదున్న ల్యాప్‌టాప్‌లో, నా ముందున్న బ్రౌజర్‌లో జర్మనీ టైం కనిపించడంతో నాకో విషయం బుర్రలో దిగింది: పేజీలో ఉన్న ప్రతి అక్షరాన్నీ నిర్ణయించేది సర్వర్, చూసేవాడి మెషీన్ కాదు. రెండూ ఒకే డబ్బాలో ఉన్నా సరే, ఇద్దరు వేరు వేరు మనుషులే.

ఆ తర్వాత ఫోన్‌ని, ల్యాప్‌టాప్‌ని ఒకే హాట్‌స్పాట్‌కి కలిపి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి నా ల్యాప్‌టాప్ అడ్రస్ చూశా. 192.168తో మొదలయ్యే నంబర్. దాన్ని ఫోన్ బ్రౌజర్‌లో కొడితే, ఫైర్‌వాల్‌కి అనుమతి ఇచ్చాక, నా పేజీ ఫోన్‌లో తెరుచుకుంది. రూమ్‌మేట్ ఫోన్‌లో కూడా తెరుచుకుంది. క్లౌడ్ లేదు, హోస్టింగ్ లేదు, డొమైన్ లేదు. నా మంచం మీదున్న ల్యాప్‌టాపే సర్వర్. వెంటనే లాగ్ ఫైల్ తెరిస్తే రెండు కొత్త ఐపీ అడ్రస్‌లు. ఒకటి నా ఫోన్, ఒకటి వాడిది. వాడు కావాలని లేని పేజీ అడిగాడు, ఆ వరుసలో 404 పడింది. పెద్ద సర్వర్లలో జరిగేది కూడా సూత్రంగా ఇంతే. అడగటం, పలకటం, రాసిపెట్టుకోవటం.

ఇదంతా చేయడానికి నాకు పట్టింది ఒక్క సాయంత్రం. ఆ మూడు గంటల వీడియో కన్నా తక్కువే.

ప్రశ్నార్థకం తర్వాత ఏముంది

అడ్రస్ చివర ఉన్న 17 సంగతికి వద్దాం. దాని వెనక చిన్న చరిత్ర ఉంది.

టిమ్ బెర్నర్స్‌లీ 1990 చివర్లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనా కేంద్రంలో మొదటి వెబ్ సర్వర్ నడిపినప్పుడు దాని ముఖ్యమైన పని ఉన్న పత్రాలను తీసి ఇవ్వడం. అద్దాల బీరువా అన్నమాట. 1993లో అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ సంస్థ సర్వర్‌తో పాటు సీజీఐ అనే పద్ధతి వచ్చింది. ఎవరైనా ఒక పేజీ అడిగితే సర్వర్ ఒక ప్రోగ్రామ్‌ని నడిపి, అది ఇచ్చిన ఫలితాన్ని పంపుతుంది. అడ్రస్‌లో ప్రశ్నార్థకం తర్వాత ఏం రాసి ఉంటే అది ఆ ప్రోగ్రామ్ చేతికి వెళ్తుంది. రాస్మస్ లెర్‌డార్ఫ్ అనే ఆయన తన రెజ్యూమే పేజీని ఎంతమంది చూస్తున్నారో తెలుసుకోవడానికి కొన్ని సీజీఐ ప్రోగ్రామ్‌లు రాసుకున్నాడు. 1995లో వాటిని అందరికీ ఇచ్చాడు. పీహెచ్‌పీ అలా పుట్టింది. అపాచీ కూడా అదే సంవత్సరం, ఆ ఎన్‌సీఎస్‌ఏ సర్వర్‌కి వేసిన అతుకుల నుంచి పెరిగింది.

సీజీఐలో ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక కొత్త ప్రాసెస్ లేవాలి. ఒక్కో కస్టమర్‌కి ఒక్కో కొత్త మాస్టర్‌ని పిలిచినట్టు. నలుగురు వస్తే సరే, ఫలితాలు వచ్చే రోజులా అందరూ ఒకేసారి వస్తే హోటల్ మూసుకోవాల్సిందే. అందుకే తర్వాత పీహెచ్‌పీని అపాచీ లోపలే కూర్చోబెట్టారు. జావా వాళ్ళు టామ్‌క్యాట్‌లో థ్రెడ్లతో నడిపారు. 2004లో ఇగోర్ సిసోయెవ్ విడుదల చేసిన ఇంజిన్‌ఎక్స్, 2009లో ర్యాన్ డాల్ తెచ్చిన నోడ్, ఒక్క మనిషే పది టేబుళ్ళ ఆర్డర్లు తీసుకుని ఏది ముందు తయారైతే అది పట్టుకెళ్ళే పద్ధతి పట్టుకున్నాయి. ఇన్ని మారినా ఒక్కటి మారలేదు. ప్రశ్నార్థకం తర్వాత ఉన్నది ఎవరో బయటి మనిషి రాసింది. నేను లింకులో 17 పెట్టి ఇచ్చినంత మాత్రాన అవతలి మనిషి 17 తోనే రావాలని ఎక్కడా లేదు. ఫారంలో దాచిపెట్టినా అంతే. గెట్ కాకుండా పోస్ట్ పద్ధతిలో పంపినా, అడ్రస్‌లో కనిపించదు గానీ మార్చడం చాలా తేలిక.

నా కోడ్‌లో ఉన్నది ఇది: అడ్రస్‌లో వచ్చిన నంబర్ తీసుకో, ఆ నంబర్ ఉన్న వరుస డేటాబేస్ నుంచి మొత్తం తెచ్చి చూపించు. ఇందులో తప్పులు ఒకటి కాదు, మూడు.

మొదటిది, అడుగుతున్నది ఎవరో చూడలేదు. సర్వర్‌కి జ్ఞాపకం ఉండదు. ఒక నిమిషం క్రితం ఫారం నింపిన మనిషి, ఇప్పుడు పేజీ అడుగుతున్న మనిషి ఒకరేనని దానంతట దానికి తెలియదు. అందుకే సెషన్ ఉంది. సర్వర్ బ్రౌజర్‌కి ఒక కుకీ ఇస్తుంది, బ్రౌజర్ ప్రతిసారీ దాన్ని చూపిస్తుంది. తాతయ్య చెప్పిన టోకెన్ అదే. లాగిన్ లేని చిన్న పేజీ అయితే కనీసం 17, 18 లాంటి వరుస నంబర్లు వాడకూడదు. పీహెచ్‌పీలోనే ఉన్న ఫంక్షన్‌తో 16 యాదృచ్ఛిక బైట్లు తీసుకుంటే 32 అక్షరాల టోకెన్ వస్తుంది. దాని పక్కది ఏదో ఊహించడం ఎవరి వల్లా కాదు.

రెండోది, వచ్చిన దాన్ని నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించా. నంబర్ బదులు ఎవరైనా ఎస్‌క్యూఎల్ ముక్క రాస్తే అది కూడా నా వాక్యంలో భాగమైపోతుంది. డీబీఎంఎస్‌లో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అని చదివాం, పరీక్షలో రాశాం. నా కోడ్‌లో ఉందని తెలియలేదు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడితే వాక్యం ముందే ఖాయమవుతుంది, వచ్చింది ఏదైనా ఖాళీలో విలువగానే కూర్చుంటుంది.

మూడోది అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా సిగ్గు కలిగించేది. ఆ పేజీలో ఫోన్ నంబర్ చూపించాల్సిన అవసరమే లేదు. ఎవరి నంబర్ వాళ్ళకి తెలుసు కదా. అసలు కథల పోటీకి ఫోన్ నంబర్ ఎందుకు? కాలేజీ మెయిల్ చాలు. వీడియోలో ఫారంలో ఉంది కాబట్టి నా ఫారంలో కూడా ఉంది.

తెలుగు పేర్లు రాని చోట

మన క్లబ్‌కి సంబంధించిన ఇంకో సంగతి. ఆ ఫారంలో కథ పేరు తెలుగులో రాయమన్నాం. అందరూ రాశారు. డేటాబేస్‌లో చూస్తే ఏముందీ, వరసగా ప్రశ్నార్థకాలు. నేను కాపీ కొట్టిన టేబుల్ కోడ్‌లో లాటిన్1 అనే క్యారెక్టర్ సెట్ ఉంది. అందులో ఇంగ్లీషు, యూరప్ భాషల అక్షరాలకి చోటుంది, మన అక్షరాలకి లేదు. తెలియని అక్షరం వస్తే ప్రశ్నార్థకం పెట్టుకుంది. అసలు అక్షరాలు పోయాయి, తిరిగి తెచ్చుకునే దారి లేదు. అందరినీ మళ్ళీ అడగాల్సి వచ్చింది.

యూటీఎఫ్8లో తెలుగు అక్షరం ఒక్కోదానికి మూడు బైట్లు పడుతుంది. గుడిని, కొమ్మును కూడా విడిగా లెక్కేయాలి. "కవిత" అంటే మనకి మూడక్షరాలు, కంప్యూటర్‌కి నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. ఫారం ఉన్న పేజీ, డేటాబేస్‌కి కట్టిన కనెక్షన్, టేబుల్, ఈ మూడు చోట్లా యూటీఎఫ్8 అని ఉండాలి. మైఎస్‌క్యూఎల్‌లో అయితే యూటీఎఫ్8ఎంబీ4 అని రాయాలి. 2018లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ నుంచి అది డిఫాల్ట్ అయింది. పాత వీడియో చూసి చేసినవాళ్ళు చూసుకోవాలి. ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించి "వర్క్ అవుతోంది" అనుకుంటే ఇదే జరుగుతుంది. తెలుగు క్లబ్ పేజీలో నేను టెస్ట్‌కి కొట్టిన కథ పేరు "ఏబీసీడీ", అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. ఇంతకన్నా చెప్పను.

మీరనబోయేవి

"ఇప్పుడెవరు పీహెచ్‌పీ వాడతారు? కంపెనీలు రియాక్ట్, నోడ్ అడుగుతాయి" అని మా క్లాస్‌లోనే అన్నారు. సరే, నోడ్‌లో రాయండి. జాంగోలో రాయండి. నేను పీహెచ్‌పీ గొప్పదని చెప్పట్లేదు. మొదటి రోజు మధ్యలో తెర లేకుండా సర్వర్‌ని చూడండి అంటున్నా. నోడ్‌లో కూడా ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా పది వరుసల్లో సర్వర్ రాయొచ్చు. అది ఒకసారి రాశాక ఎక్స్‌ప్రెస్‌కి వెళ్ళండి.

"ఫ్రేమ్‌వర్క్ సెక్యూరిటీ అంతా చూసుకుంటుంది కదా" అన్నది రెండోది. ఇందులో సగం నిజం. జాంగో లాంటివి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌ని చాలావరకు ఆపుతాయి. కానీ 17వ మనిషి 18వ రికార్డ్ చూడొచ్చా లేదా అన్నది ఏ ఫ్రేమ్‌వర్క్‌కీ దానంతట తెలియదు. ఎవరిది ఎవరు చూడాలి అన్నది మన అప్లికేషన్ న్యాయం. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2017లో ఇచ్చిన పది పెద్ద ప్రమాదాల జాబితాలో ఇంజెక్షన్ మొదటి స్థానంలో ఉంది. 2021 జాబితాలో ఆ స్థానానికి వచ్చింది బ్రోకెన్ యాక్సెస్ కంట్రోల్, అంటే సరిగ్గా నేను చేసిన తప్పు. పనిముట్లు మెరుగైన చోట పాత తప్పు వెనక్కి పోయింది. మనిషి ఆలోచించాల్సిన తప్పు ముందుకొచ్చింది.

ఏఐ మీద కూడా ఇదే మాట. నేను "రిజిస్ట్రేషన్ వివరాలు చూపించే పేజీ రాయి" అన్నా, రాసింది. "ఎవరికి చూపించాలి" అన్నది నేను చెప్పలేదు. నాకే రాని ప్రశ్నని దానికి ఎలా వేస్తా?

"టైం లేదు, ప్లేస్‌మెంట్స్ దగ్గరికొస్తున్నాయి" అనేవాళ్ళకి నా దగ్గర గట్టి జవాబు లేదు. నిజంగానే టైం లేదు. ఒక్క సాయంత్రం అడుగుతున్నా, అంతే.

ఒక్క సాయంత్రం

ఆ సాయంత్రం ఏం చేయాలో చెప్తా. టైం చూపించే ఒక్క వరుస పేజీ రాయండి. పేజ్ సోర్స్ చూడండి. స్నేహితుడి ఫోన్‌లో తెరిపించండి. లాగ్ చదవండి. ఒక పేరు తీసుకునే ఫారం రాసి, తెలుగులో పేరు ఇవ్వండి. అడ్రస్‌లో ఉన్నదాన్ని చేత్తో మార్చి, మీ పేజీని మీరే చెడగొట్టండి. చివరికి, మీరు చేసింది కంప్యూటర్ తెలియని ఒక మనిషికి తెలుగులో చెప్పండి. ఎక్కడ నోరు ఆగిపోతుందో అక్కడ మీకు రాదని అర్థం. సీఎస్ఈలో రెండేళ్ళు చదివాక నాకు ఎక్కడెక్కడ ఆగిపోయిందో లెక్క పెట్టుకోలేదు.

మన ల్యాబ్ రికార్డులో "అవుట్‌పుట్ వెరిఫైడ్" అని రాసి సంతకం పెడతారు. దాని కింద ఇంకో వరుస ఉంటే బాగుండు: "ఇది ఎవరికి చూపకూడదు?" అని. ఆ ఒక్క ప్రశ్న ఉన్నా, నేను ఆ అమ్మాయికి క్షమాపణ రాయాల్సి వచ్చేది కాదేమో.

ఉగాది కవిసమ్మేళనానికి మళ్ళీ పేజీ కావాలన్నారు క్లబ్‌లో. నాకే ఇచ్చారు, అది వాళ్ళ మంచితనం. ఈసారి ఫోన్ నంబర్ అడగలేదు. అడ్రస్‌లో 32 అక్షరాల టోకెన్ పెట్టా. టెస్ట్‌కి "వేపపువ్వు" అని కొట్టా, వేపపువ్వుగానే వచ్చింది. లింక్ అందరికన్నా ముందు ఆ జూనియర్‌కి పంపి, "నీ ఇష్టమొచ్చినట్టు చెడగొట్టు" అన్నా.

అరగంట తర్వాత జవాబొచ్చింది.

"అన్నా, పక్కవాళ్ళవి రావట్లేదు. బాగుంది. కానీ కవిత పేరు రాసే చోట చిన్న హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ పెట్టి పంపా. లిస్ట్ పేజీలో నా కింద ఉన్నవాళ్ళ పేర్లన్నీ బోల్డ్‌లోకి మారిపోయాయి. అలా రావచ్చా?"

రాకూడదమ్మా. చూస్తున్నా.